పఠాన్ చెప్పని పేరు

దుబాయ్ దగ్గర్లోని అల్ ఐన్‌లో మా నర్సుల వ్యాన్ నడిపే పఠాన్ వారం రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు. అతని ఊరు పాకిస్తాన్‌లో, ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు పక్కనే. కొండ అవతల యుద్ధం చేస్తున్న తుపాకీ మూకలు ఇవతలికి దిగి, బడి తగలబెట్టి, ఊళ్లో తిష్ఠ వేశాయి. జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. వాళ్లలో ఇతని భార్య, ముగ్గురు పిల్లలు ఏమయ్యారో తెలియదు.

అది 2008 వేసవి. పెషావర్ చుట్టుపక్కల శరణార్థుల శిబిరాలన్నిటికీ ఫోన్లు చేశాడు. అతను చెప్పిన పేరుతో ఎవరూ లేరన్నదే అందరి జవాబు.

నాకసలే నోరు ఆగదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి వ్యాన్ ఎక్కేసరికి మళ్లీ ఫోన్లోనే ఉన్నాడు. ఫలానా వాడి ఇంటివాళ్లంటూ తన పేరు, తండ్రి పేరు, తాత పేరు కూడా చెబుతున్నాడు. భార్య పేరు మాత్రం ఎత్తడు.

"ఆమె పేరు చెప్పవేం భాయ్?" అన్నాను నాకొచ్చిన హిందీలో.

"తౌబా! ఇంటి ఆడమనిషి పేరు పరాయి మగాడికి చెప్తామా సిస్టర్?"

నాకు ఒళ్లు మండింది. "మగతోడు లేకుండా వచ్చినవాళ్లని ఎవరి పేరున రాసుకుంటారయ్యా? నీ పేరునా? నువ్విక్కడ స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటివి!"

అతను తెల్లబోయాడు. పాపం అనిపించింది. మా అమ్మ మాత్రం తక్కువా! రేషన్ షాపులో నాన్న పేరు అడిగితే నన్ను ముందుకు తోసి నాచేత చెప్పించేది.

"నేనూ ఆడదాన్నేగా. నాకు చెప్పు, నేను చెప్తా."

తల దించుకుని మెల్లగా చెప్పాడు. ఫోన్ లాక్కుని అవతలి శిబిరం గుమస్తాకు ఆ పేరు గట్టిగా వినిపించాను. కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఉంది బహెన్‌జీ. ముగ్గురు పిల్లలు. పిలిపిస్తున్నా, లైన్లో ఉండండి."

స్తోత్రం ప్రభువా అనుకుంటూ ఫోన్ అతనికిచ్చాను. కాసేపు లైన్లో గరగర తప్ప మరేమీ లేదు. ఫోన్ తెగిపోతుందని భయపడ్డాడో ఏమో, వ్యాన్‌నిండా మేమున్నామన్న సంగతే మరిచి, భార్యను పేరుపెట్టి గొంతు చించుకుని పిలిచాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

అవతల ఆడగొంతు పష్తోలో గయ్యిమంది. ఇతను ఏడుస్తున్నాడు, పగలబడి నవ్వుతున్నాడు.

"ఏమంటోంది భాయ్?" అందరం ఒక్కసారే అడిగాం.

"తిడుతోంది సిస్టర్! ఇక్కడ ఇంతమంది వినేలా నా పేరు అరుస్తావా, సిగ్గులేదా అని తిడుతోంది!"