ఐస్‌లో వచ్చిన ట్యూబు

2006 ఎండాకాలం. పంజాగుట్టలోని ఒక ల్యాబులో నేను జూనియర్ టెక్నీషియన్ని. అమీర్‌పేటలో నా ఈడువాళ్ళంతా జావా నేర్చుకుంటుంటే, నేను రక్తకణాలు కడుగుతూ కూర్చున్నాను. మా అమ్మ బంధువులకు "సైంటిస్టు" అని చెప్పేది. నేను ఖండించలేదు.

యాదగిరన్న ఆ జావా చెప్పే సార్లలో ఒకడు. రోజుకు ఆరు గంటలు అరిచి గొంతులో కాయ తెచ్చుకున్నాడు. ఆపరేషన్ చేయాలి. కానీ అంతకుముందు పన్ను పీకించుకుంటే రెండు రోజులు రక్తం ఆగలేదట. అందుకని సర్జన్ మా ల్యాబులో చేసే పరీక్ష ఒకటి రాశాడు.

"జర జల్ది రిపోర్టియ్యి తమ్మీ. జూన్‌ల కొత్త బ్యాచ్ ఉంది. గొంతు రాకపోతే ఇంకొకలకిస్తరు," అని యాదగిరన్న ఫోన్లో గుసగుసలాడాడు. ఏదో రహస్యమనుకున్నాను. అతని గొంతే అంత.

రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను ప్లేట్‌లెట్లు కొంత తమ లోపలా దాచుకుంటాయి. వాటిని వేరుచేసి, కడిగి, పగలగొట్టి ఎంతుందో ఎలైజా కిట్‌తో కొలుస్తాం. అవి చలికి మహా పిరికివి. ఐస్ తగిలితే దాచుకున్నదంతా ముందే కక్కేస్తాయి.

అమీర్‌పేటలోని మా కలెక్షన్ సెంటర్ నుంచి యాదగిరన్న రక్తం ట్యూబు ఐస్ డబ్బాలో వచ్చింది. సెంటర్లో రక్తం తీసినతనికి ఫోన్ చేశాను.

"ఐస్ ఎందుకు పెట్టినవన్నా?"

"ఎండ మస్తుంది భాయ్. పాడైతదని పెట్టిన. మంచికి పోతే గిట్ల లొల్లి పెడ్తవేంది?"

అప్పటికే కిట్ తెరిచాను. తెరిస్తే నెల శాంపిళ్ళన్నీ ఒకేసారి నడపాలి, మళ్ళీ కిట్ వచ్చే నెలే. ఏమవుతుందిలే అనుకుని అదీ కలిపేశాను. ఫలితం బాగా తక్కువ వచ్చింది. రిపోర్టులో ఐస్ మాట రాయలేదు. అంకె మాత్రం రెండు దశాంశాల దాకా శ్రద్ధగా వేశాను.

సర్జన్ ఆపరేషన్ ఆపేశాడు. జూన్ బ్యాచ్ వేరే సారుకు పోయింది. ఆగస్టులో యాదగిరన్న స్వయంగా ల్యాబుకొచ్చి మళ్ళీ రక్తమిచ్చాడు. ఈసారి ఫలితం మామూలుగానే వచ్చింది. అప్పుడు నిజం చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టడానికీ గొంతు కావాలి కదా. దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"నాకు గొంతు లేకుండె. నీకుండె గదా తమ్మీ. ఆనాడే ఒక్క మాట చెప్పకపోతివి."

కొలవడం నాకు కాలేజీలోనే వచ్చింది. కొలవకూడని ట్యూబును పక్కన పెట్టి, "ఇది పనికిరాదు, మళ్ళీ పంపండి" అని రాయడం ఆ రోజు నేర్చుకున్నాను. మూడు నెలలు ఆలస్యంగా.