ఓర్ఫా అక్క చూపురాయి

ఓర్ఫా నాకు సవతి. మా ఆయనకు పెద్దభార్య. ముక్కు మీద కోపం, మాట పొదుపు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని. సవతి మంచిదంటే ఎవరూ నమ్మరు. కాపురానికి వచ్చిన కొత్తలో నేనూ నమ్మలేదు.

ఆమె దగ్గర ఒక చూపురాయి ఉండేది. కోడిగుడ్డంత ఉంటుంది, ముదురు గోధుమరంగు. చిన్నప్పుడు తూర్పున వాళ్ల నాన్న బావి తవ్వుతుంటే దొరికిందట. దాన్ని టోపీలో వేసి, వెలుతురు చొరబడకుండా ముఖం అందులో పెట్టి చూస్తే, తప్పిపోయినవి ఎక్కడున్నాయో కనిపిస్తాయి. మా మొదటి ప్రవక్త దేవుడి మాటలు ఇలాంటి రాతిలోనే చూశాడని నమ్మి, ఉప్పు సరస్సు దాటి ఈ ఎండులోయకు బళ్లు కట్టుకొచ్చిన జనం మేము. మాకది వింత కాదు. ఆవు తప్పిపోతే ఎవరైనా మా గుమ్మంలోకే వచ్చేవారు.

పిల్లల కోసం మాత్రం ఆమె చూడదు. తన ఒక్క కొడుకు ఆమోన్ ఐదేళ్లవాడు కనిపించకుండా పోతే ఒకసారి చూసింది. రాతిలో వాడు నీళ్ల అడుగున ఉన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే కాలువలో ఉన్నాడు.

నాకు ఆ రాయంటే హడల్. అది ఉన్న అలమర దగ్గరికి నా కూతురు ఆల్మీరాను పోనిచ్చేదాన్ని కాదు. అందుకే మా ఊరి బిషప్పు గారు, "దేవుడు మాట్లాడాలంటే ప్రవక్త ఉన్నాడు, ఆడవాళ్ల టోపీలు అక్కర్లేదు. ఆదివారం ఆ రాయి సభకు తెండి, పొడి చేసేద్దాం" అన్నప్పుడు లోలోపల సంబరపడ్డాను. మా ఆయన అప్పుడు మతప్రచారానికి ఇంగ్లండు వెళ్లి ఉన్నాడు.

"ఇచ్చెయ్యక్కా, పీడా పోతుంది" అని పోరు పెట్టాను.

"నేను పోయాక పట్టుకుపొమ్మను" అంది అక్క.

ఆ శనివారం మధ్యాహ్నం ఆల్మీరా కనిపించకుండా పోయింది. నేను రొట్టెల పిండి పిసికి తలెత్తేసరికి పెరడు ఖాళీ. కొండల మీద మంచు మొదలైంది, గాలి ఇంటివైపే తిరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మగాళ్లంతా కలపకని లోయ పైకి పోయారు. ఊళ్లో మిగిలింది బిషప్పు గారూ, కుంటి కమ్మరీ.

"ఒకరు కొండకీ, ఒకరు కాలువకీ వెళ్లండి బాబూ!" అని ఏడ్చాను.

"కొండకు ఒంటరిగా పోతే ఈ మంచులో మేమే తప్పిపోతాం తల్లీ. కాలువా మైళ్ల పొడవుంది. ఎటో ఒకవైపే" అన్నాడు బిషప్పు. అని, అక్కవైపు చూశాడు. రాయి మాట తను ఎత్తలేడు కదా!

నేనే ఎత్తాను. "చూడక్కా."

"పిల్లలకు చూడను."

"నీ బిడ్డ పోయాడని నా బిడ్డా పోవాలా? ఎంతైనా సవతివి కదా!"

ఆమె మా ఆయన పాత టోపీ తెచ్చి, రాయి వేసి, ముఖం లోపల పెట్టింది. భుజాలు వణికాయి. ఎంతకీ తల ఎత్తదు.

"ఏం కనబడిందక్కా?" అని అరిచాను.

ముఖం ఎత్తింది. నెత్తురుచుక్క లేదు. "కొండ" అంది. "గొర్రెల దొడ్డి."

వాళ్లిద్దరూ కొండకే పోయారు. చీకటి పడేలోగా నా బంగారాన్ని మోసుకొచ్చారు. దొడ్డిలో రెండు గొర్రెల మధ్య నిద్రపోయిందట. కాళ్లు నీలంగా ఉన్నాయి గానీ, ఊపిరి వెచ్చగా ఉంది.

పొయ్యి దగ్గర దాని పాదాలు రుద్దుతూ, "నీ రుణం తీర్చుకోలేనక్కా. ఆ రాయి…" అంటున్నాను.

"రాతిలో కనిపించింది కొండ కాదే లొవీనా. నీళ్లు" అంది అక్క.

నా చెయ్యి ఆగిపోయింది.

"మా వాడు పోయినప్పట్నుంచీ అంతే. ఎవరి ఆవుకని చూసినా నీళ్లే, అడుగున మా వాడే. ఆవులు ఎటు మేస్తాయో నాకు తెలుసు కాబట్టి ఏదో చెప్తాను. ఇవాళా నీళ్లే. అయితే ముఖం అటు తిరిగి ఉంది. మా వాడో, ఈ పిల్లో తెలియలేదు. నీళ్లని చెప్తే వాళ్లు కాలువకు పోయేవారు. ఇదేమో గొర్రెపిల్లలంటే ప్రాణం పెడుతుంది. కొండ అనేశాను. వాళ్లు తిరిగొచ్చేదాకా, నీ పిల్లను నేనే చంపానేమో అని…"

"మరి ఆ పాడురాయి ఎందుకక్కా ఇంకా?"

"వాణ్ణి చూసుకోడానికి నా దగ్గర ఇంకేముందే?"

ఆదివారం పొద్దున్నే నేను వాగుకు పోయి అదే రంగు రాయి ఏరుకొచ్చాను. అక్కకు ఒంట్లో బాగాలేదని చెప్పి సభలో నేనే ఇచ్చాను. బిషప్పు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేనా?"

దేవుడి ఇంట్లో అబద్ధం. "అదేనండీ" అన్నాను. కమ్మరి సుత్తితో దాన్ని పొడి చేశాడు. జనం ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో టోపీ, టోపీలో ముఖం. నేను పిలవలేదు. అప్పుడు ఆ నీళ్లలో ఉన్నది వాడి ముఖమో, నా పిల్ల ముఖమో ఈ రోజుకీ అడగలేదు. ఆల్మీరాను లోపలికి లాక్కుని తలుపు గడియ పెట్టాను.