ఐదున్నరకు రావలసిన జాబితా

మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక మా మిల్లులో వారానికి సగం మందినే పనిలోకి రానిచ్చేవారు. గుజరాత్‌లో, పాండేసరాలోని ఆ చీరల మిల్లు ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. హాజరు వివరాలన్నీ డేటాబేస్‌లో ఉండేవి. ఎవరి వంతు, ఎవరికి జ్వరం, ఎవరి గల్లీ మూసేశారు అన్నవి చూసి పేర్లు ఏరే క్వెరీ ఒకటి రాసి, రోజూ ఉదయం ఐదున్నరకు దానంతట అదే నడిచేలా పెట్టాను. ఆ జాబితా అందరి ఫోన్లకూ వెళ్లేది. గేటు దగ్గర వాచ్‌మన్ అందులో పేరున్నవాళ్లనే లోపలికి పంపేవాడు.

మా బాపు అదే మిల్లులో మరమగ్గాలు నడిపేవాడు. మిల్లుకు దగ్గర్లో, వడోద్‌లో ఒకటే గది మాది. బాపు, అమ్మ, నేను.

ఒక ఉదయం జాబితా రాలేదు. వాచ్‌మన్ క్రితం రోజు జాబితా చూసి అందరినీ పంపేశాడు. ముందు సాయంత్రం జ్వరమని చెప్పిన ఒకాయన, తన పేరుంది కదా అని లోపలికి వచ్చి, బాపు పక్క మగ్గం మీద మధ్యాహ్నం దాకా పనిచేశాడు. మూడో రోజు ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు.

కారణం వెతికితే నా దగ్గరే తేలింది. క్రితం సాయంత్రం కాసేపు కరెంటు పోయింది. తర్వాత ఎవరో మీట నొక్కితే ఆఫీసు కంప్యూటర్ మళ్లీ లేచి పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోయింది. ఎవరో ఒకరు లాగిన్ అయి ఉంటేనే క్వెరీ నడిచేలా విండోస్‌లో అమర్చింది నేనే. అక్కడ టిక్కు పెట్టే ఆ చిన్న గడి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

బాపుతో పాటు అమ్మా నేనూ పద్నాలుగు రోజులు బయటికి రాకూడదన్నారు. గది మధ్య పాత చీర కట్టి బాపును అటువైపు ఉంచాం. నేను ఇటువైపు గోడకు ఆనుకుని ఆయన దగ్గు కోసం చెవి పెట్టుకుని కూర్చునేదాన్ని. రెండో రోజు ఉండబట్టలేక తప్పు నాదేనని చెప్పేశాను.

చీర వెనక బాపు లేచి కూర్చున్న చప్పుడైంది. తర్వాత అన్నాడు: "ఏడ్వకు బిడ్డా. మగ్గం ఆగితే నేనేం జేస్త? దారం తెగిందా, బీమ్ మీది నూలు అయిపోయిందా సూస్త. నీ మిషన్ గిట్ల ఎందుకాగిందో జర సూడు. మల్ల ఆగకుండ జెయ్."

ఆ రోజుల్లో రోజూ పొద్దున్నే మేనేజర్ స్వయంగా ఆఫీసుకు వెళ్లి, నేను ఫోన్‌లో చెబుతుంటే ఒక్కో మీట నొక్కి జాబితా తీసేవాడు. నేను ఇంట్లో ఇరుక్కుంటే పని నడవదని అప్పుడు తెలిసింది. మిగిలిన సమయమంతా ఫోన్‌లో, విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ పాఠాలు చదివాను. కాలేజీలో రెండు మార్కుల ప్రశ్నగా తప్ప దాన్నెప్పుడూ తాకలేదు.

బాపుకు ఏమీ కాలేదు. మళ్లీ పనిలోకి వెళ్లిన రోజునే మేనేజర్‌ను అడిగాను, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ ఇప్పించమని. అందులో లినక్స్ వేస్తానన్నాను.

"బెన్, ఆ గడి సరిచేస్తే అయిపోయేదానికి ఇదంతా ఎందుకు?" అన్నాడాయన హిందీలో. బెన్ అంటే గుజరాతీలో అక్క, చెల్లి.

"సరిచేశాను సార్. ఇప్పుడు విండోస్‌లో కూడా నడుస్తుంది. కానీ ఆ కంప్యూటర్ మీద అందరూ సరుకు చలాన్లు కొడతారు. పోతూ పోతూ ఎవరో ఒకరు ఆపేస్తారు. ఈ పాతదానికైతే తెర కూడా అక్కర్లేదు, ఎవరూ ముట్టుకోరు. మా గల్లీ మళ్లీ మూసేసినా ఇంటి నుంచే చూసుకోవచ్చు."

"నీకు వచ్చా అది?"

"రాదు. నేర్చుకుంటాను."

ఆయన నా వైపు చూసి, పది రోజులు రెండూ పక్కపక్కన నడపమన్నాడు.

మొదటి రోజు విండోస్ జాబితా వేళకు వచ్చింది. లినక్స్ జాబితా పదకొండు గంటలకు వచ్చింది. ఆఫీసులో అందరూ నవ్వారు. మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని లెక్క చూస్తే, సరిగ్గా ఐదున్నర గంటల ఆలస్యం. అంటే ఆ యంత్రం మన టైము కాకుండా అంతర్జాతీయ ప్రామాణిక టైము చూసుకుంటోంది! దిద్దాను. మర్నాడు వేళకే వచ్చింది గానీ గుజరాతీ లిపిలో ఉన్న పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. అది సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. ఐదో రోజు నుంచి రెండు జాబితాలూ అక్షరం తేడా లేకుండా వచ్చాయి.

పదో రోజు మేనేజర్ ముందే రెండింటి ప్లగ్గులూ పీకేశాను. మళ్లీ పెట్టాను. విండోస్ కంప్యూటర్ తానుగా లేవలేదు. ఎవరైనా వెళ్లి మీట నొక్కాలి. పాత కంప్యూటర్‌ను మాత్రం కరెంటు రాగానే లేచి జాబితా పంపేలా ముందే అమర్చి ఉంచాను. రెండు నిమిషాల్లో ఆయన ఫోన్ మోగింది.

"ఠీక్ ఛే, బాగానే ఉంది," అన్నాడాయన జాబితా చూసుకుంటూ. "ఇదే ఉంచు."

రెండో ఏడాది వేసవిలో మా గల్లీకి వెదుళ్లు అడ్డంగా కట్టేశారు. పంతొమ్మిది రోజులు నేను మెట్ల మీద కూర్చుని, ఫోన్‌లోంచే ఆ యంత్రాన్ని చూసుకున్నాను. జాబితా ఒక్క రోజూ ఆగలేదు.

మొదటి ఏడాది ఆసుపత్రిలో చేరిన పక్క మగ్గం ఆయన, బయటికి వచ్చాక నాలుగు నెలల దాకా మగ్గం ముందు నిలబడలేకపోయాడు. తిరిగి పనిలో చేరిన రోజు ఆయన పేరు జాబితాలో వచ్చిందో లేదో ఐదున్నరకు ముందే లేచి, జాబితా రాగానే చూసుకున్నాను. వచ్చింది. గేటు దగ్గర ఎదురుపడి, ఆ రోజు తప్పు నాదని చెప్పాను. ఆయన మాస్కు సర్దుకుని, "గిప్పుడు మంచిగ నడుస్తుందా?" అని అడిగాడు. నడుస్తుందన్నాను. తలూపి లోపలికి వెళ్లాడు.