సుమత్రా వ్యాను దగ్గర నా గరిటె

ఆ రోజుల్లో భిలాయిలో ప్లాంటు కొలిమీ ఆగదు, నా ఇడ్లీ పాత్రా ఆగదు అని గొప్పలు పోయేదాన్ని. (కొలిమి సంగతి నిజమే. నా పాత్ర మాత్రం మధ్యాహ్నాలు బోర్లించే ఉండేది.) పాతికేళ్లు నిండకుండానే సెక్టర్ 2 మార్కెట్ మూలన సాయంత్రాలు ఇడ్లీ బండి పెట్టాను. మా ఆయనది కాంట్రాక్టు పని, ఒక నెల ఉంటే ఒక నెల ఉండేది కాదు. బండి నడిస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అయినా గర్వానికేం తక్కువ లేదు. రెండు ఇడ్లీలు తిన్నవాడికైనా పల్లీ చట్నీ అడిగినంత పోసేదాన్ని. మా శ్రీకాకుళం వైపు చట్నీ దగ్గర చెయ్యి బిగిస్తే ఆ బండికి పరువుండదు. ఎవరైనా పళ్లెం చాపితే చాలు, మొహం చూడకుండానే నా చెయ్యి గరిటె మీదికి పోయేది.

ఒక చలికాలం మార్కెట్టుకు ఆ చివర నీలం మెటాడోర్ వ్యాను ఒకటి వచ్చి ఆగింది. దాన్ని నడిపే ఆయన తాత ఎప్పుడో మా సోంపేట వైపు నుంచి సుమత్రాకి రబ్బరు తోటల్లో పనికి వెళ్లాడట. ఈయన అక్కడి అమ్మాయినే పెళ్లాడి ఇటు తిరిగొచ్చాడు. మార్కెట్టంతా వాళ్లని సుమత్రా మావ, సుమత్రా పిన్ని అనేది. వ్యాను మీద ఏం రాసుందో నాకు తెలీదు, అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నా బండి దగ్గర రోజూ తినే క్రేన్ బాబాయి (ప్లాంటులో క్రేను నడిపేవాడు) వచ్చి చెప్పాడు.

"ఏటమ్మా, కోడిముక్కలు పుల్లకి గుచ్చి బొగ్గుల మీద కాలుస్తన్నారు. సాతే అంట. దాని మీద పల్లీ చట్నీ పోస్తన్నారు. నీ చట్నీకి అక్కలాగుందనుకో!"

పల్లీ చట్నీ! అది నా ఒక్కదాని సొత్తనుకున్నాను. వారం తిరక్కుండా నా ఇడ్లీలు మిగలడం మొదలైంది. మాకు రాత్రికీ అవే, పొద్దున్నకీ అవే. ఇలాగే సాగితే బండి మూసుకోవాలి. ఆ చట్నీలో ఏముందో తేల్చుకుందామని, మా ఆయన్ని బండి దగ్గర కూర్చోబెట్టి, కొంగు ముక్కు దాకా దించుకుని బయల్దేరాను.

"ఎందుకే ఆ ముసుగు? ఎల్లి అడగరాదూ?" అన్నాడాయన.

"మీకేటి తెలుసు, ఊరుకోండి."

వ్యాను బల్లకి ఆనుకుని, చట్నీ గిన్నె పక్కనే నిలబడి ఒక పుల్ల తిన్నాను. కడుపు మండిపోయింది. కారానికి కాదు, అది నిజంగా బాగుంది. తియ్యన, పుల్లన, వెనక కొబ్బరిపాల వాసన. వెల్లుల్లి వేయించి వేశారా, పచ్చిది నూరారా అని కళ్లు మూసుకుని ఆలోచిస్తుంటే, ఎవరో "అక్కా, చట్నీ" అని పళ్లెం చాపారు. పోశాను. ఇంకో పళ్లెం వచ్చింది. దానికీ పోశాను. వెల్లుల్లి వేయించిందే, సందేహం లేదు. వరసగా పళ్లేలు వస్తున్నాయి, నా చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

"ఇంకొంచెం పోద్దువూ..."

"పోసుకో నాయనా, చట్నీకేం కరువు!" అన్నాను, నా బండి దగ్గర అనే మాటే, ఆ గొంతుతోనే.

"ఓలమ్మో!" అని క్రేన్ బాబాయి కేక పెట్టాడు. "ఇది మన ఇడ్లీ అక్క కాదూ? ఇక్కడేటి సేస్తన్నావమ్మా?"

కళ్లు తెరిచాను. చేతిలో వాళ్ల గరిటె. గిన్నె అడుగు కనిపిస్తోంది. నా కొంగు జారి అందులోనే పడి ఉంది. సుమత్రా మావ బొగ్గుల దగ్గర నుంచి తిరిగి, "ఏటమ్మా ఇది! రాత్రి దాకా రావాల్సిన చట్నీ!" అన్నాడు. వెనక నుంచి ఎవరో "దీదీ, ఇధర్ నౌకరీ లగ్ గయీ క్యా?" అని, ఇక్కడ కొలువులో చేరావా అన్నట్టు, అడిగేసరికి మార్కెట్టంతా ఘొల్లుమంది. సుమత్రా పిన్ని ఒక్కతే నవ్వలేదు. నా చేతిలోంచి గరిటె మెల్లగా తీసుకుని, తడిగుడ్డతో నా కొంగు తుడిచి, వచ్చీరాని హిందీలో అంది: అడిగితే చూపించేదాన్ని కదా దీదీ.

తిట్టినా బాగుండేది. ఇంటికెలా వచ్చానో తెలీదు. జ్వరమని దుప్పటి కప్పుకున్నాను. "చట్నీ జ్వరమా?" అన్నాడు మా ఆయన.

ఇంట్లో సరుకులు నిండుకోవడంతో మళ్లీ బండి తియ్యక తప్పలేదు. ఆశ్చర్యం, జనం విరగబడ్డారు. అందరూ నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లే, ఉత్తినే నిలబడితే బాగోదని ఇడ్లీలు తిన్నారు. తల వంచుకునే వడ్డించాను. ఆ వరసలో సుమత్రా పిన్ని కూడా ఉంది, మొహం దాచుకోకుండా, నవ్వుకుంటూ. తిని, "ఈ చట్నీ ఎలా చేస్తారు దీదీ?" అని పదిమందిలో అడిగింది. గరిటె పక్కన పెట్టి అంతా చెప్పాను. తరవాత వాళ్లదీ నేర్చుకున్నాను. ఎండలు ముదరగానే ఆ వ్యాను నాగపూర్ వైపు వెళ్లిపోయిందన్నారు.

ఇప్పుడు మనవరాలితో పాటు అక్షరాలు దిద్దుకుని, ఇంత పెద్ద సంగతి రాయగలుగుతున్నాను. రాస్తుంటే చెవులు ఇంకా వేడెక్కుతున్నాయి. అడిగితే పరువు పోతుందని, దొంగచాటుగా తింటే నిలబడుతుందని అనుకుందే, అప్పటి నేనైన ఆ పిల్ల! ఎదురైతే నాలుగు చీవాట్లు పెడదామనే ఉంటుంది గాని, మిగిలిన ఇడ్లీలతో రెండు పూటలూ గడుపుకున్న ఆ మొహం చూశాక, ముందు కూర్చోమ్మా అంటానేమో.