బూట్లు బయట విడిచిన పిల్ల

2012 నవంబరు తొమ్మిదో తేదీన తక్ ఇసుల్ పిడకల పొయ్యిని గెలిచింది. పొయ్యి వెలిగించడం ఎవరికైనా వస్తుంది. రాత్రి పేర్చిన నిప్పు తెల్లవారుజాము ప్రార్థన వేళ దాకా ఆరకుండా నిలబెట్టడం మాత్రం అందరివల్లా కాదు. మంగోలియాలో దిగిన ఎనిమిది వారాలకు, చేతి మీద రెండు బొబ్బలు, కాలిన ఒక దుప్పటి మిగిలాక, ఆమెకు ఆ పని పట్టుబడింది. సోమవారం రాసిన ఉత్తరంలో ఈ సంగతే మొదట రాసింది. మా దీవి చర్చిలో ఆ ఉత్తరం చదివినప్పుడు ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మేము పంపిన మొదటి మిషనరీ సాధించిన మొదటి విజయం అది, దాన్ని చిన్నదని ఎవరూ అనుకోలేదు.

ఇసుల్‌ది కొరియా దక్షిణపు కొసన మా వాండో దీవుల్లో సముద్రపు నాచు పెంచే కుటుంబం. పన్నెండో ఏట ఆదివారపు బడి పిల్లలందరిలోకీ ఎక్కువ వచనాలు అప్పజెప్పి బహుమతి తెచ్చుకుంది. పదహారో ఏట తండ్రికి నడుం పట్టేస్తే, జనవరి నెల నీళ్ళలో తానే పడవ నడిపి నాచు తాళ్ళు ఎత్తింది. మొక్‌పో పట్నంలో వంట చదువు పూర్తి చేసి, ప్రథమ శ్రేణిలో పట్టా అందుకుని, దీవికి తిరిగి వచ్చి పిల్లల గాయక బృందాన్ని నిలబెట్టింది. మా సంఘంలో మొత్తం అరవై మందిమి. ప్రతి ఇంట్లోనూ అన్నం వండేముందు చెంచాడు బియ్యం దేవుడి పేరున పక్కన పెట్టే అలవాటు మాకు ముందునుంచీ ఉంది. ఆ బియ్యమే ఆమెను ఇరవై నాలుగో ఏట మంగోలియాలో దుంద్‌గోబీ అనే ఎడారి ప్రాంతంలోని ఒక చిన్న ఊరికి పంపింది. మంగోలు అక్షరాలు నలభై రోజుల్లో నేర్చుకుంది. మాట్లాడటం నేర్వడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.

ఆమె దినచర్య ఇలా ఉండేది. నాలుగున్నరకు లేచి చర్చి గదిలో పొయ్యి రాజేస్తుంది. అయిదింటికి ప్రార్థన. మా దేశంలో అయితే ఆ వేళకు సగం సంఘం వచ్చి కూర్చుంటుంది. అక్కడ పాస్టరు దవాజవ్ ఒక్కడే వచ్చేవాడు, అదీ గొణుక్కుంటూ.

"నీ దేవుడికి నిద్ర పట్టదా ఇసుల్? మా దేవుడు తొమ్మిదింటికి వింటాడు."

"ఇద్దరి దేవుడూ ఒకడే కదా పాస్టరుగారూ."

"అదే నా బాధ. నువ్వొచ్చాక ఆయనక్కూడా నిద్ర లేదు."

ఆ తర్వాత బండి మీద రెండు డబ్బాలు వేసుకుని, ఊరంతా నీళ్ళు పట్టుకునే గదికి వెళుతుంది. మధ్యాహ్నం చర్చి వంటింట్లో ముసలివాళ్ళకు పులుసు కాస్తుంది. మంగళ, గురువారాల్లో కొరియా భాష నేర్పుతుంది. శనివారం మాంసం కొట్టుకు వెళ్ళి, "ఆకులు తినేది మేకలమ్మా, మేం తినేది మేకల్ని" అని కసాయి చేత వారంవారం చెప్పించుకుని వస్తుంది. అయినా క్యాబేజీ దొరికినప్పుడల్లా కిమ్చీ అనే మా కారపు ఊరగాయ పెట్టడం మానలేదు. డిసెంబరు నాటికి ఆ కసాయే గిన్నె పట్టుకుని వచ్చాడు. ఇది రెండో విజయంగా రాసుకోవచ్చు.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. చిక్కంతా అనుమతి దగ్గర వచ్చింది. ఆమె ఊళ్ళో ఉండి పనిచేయడానికి ఊరి సభ ఒక ఏడాదికే ఒప్పుకుంది. మార్చిలో సభ మళ్ళీ కూర్చుని, పొడిగించాలో వద్దో తేల్చాలి. పొడిగించకపోతే సెప్టెంబరులో ఇసుల్ మూట సర్దుకోవాలి. మూడేళ్ళ సేవకని వెళ్ళిన మనిషి ఏడాదికే తిరిగొస్తే మేమేమీ అనం. కానీ తన పని తెగిపోయిందనే బాధ ఆమెకు ఎప్పటికీ ఉండిపోయేది.

సభలో పదిహేను మంది ఉన్నా, నడిచేది యంజ్‌మా అనే ముసలమ్మ మాట. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. ఊరికి నలభై కిలోమీటర్ల దూరాన గొర్రెల మందతో ఉంటుంది. ఇసుల్ వచ్చిన నెలకే సభలో తేల్చి చెప్పింది. "ఇలాంటివాళ్ళని ముగ్గుర్ని చూశాను. వస్తారు, చలికోట్లు పంచుతారు, ఫొటోలు దిగుతారు, మనకి అలవాటయ్యాక పోతారు. మళ్ళీ కబురుండదు. ఏడాది చాలు."

జనవరి చివర్లో దవాజవ్ ఇసుల్‌ని పిలిచి, టపా జీపులో యంజ్‌మా దగ్గరికి వెళ్ళిరమ్మన్నాడు. "ఏమీ అడక్కు. టీ తాగు, నవ్వు, సాయంత్రం జీపు తిరిగొచ్చేటప్పుడు ఎక్కి వచ్చెయ్. ఆవిడ నిన్ను తిట్టకుండా పంపితే అదే చాలు."

ఇసుల్ ఉన్ని గుడారం ముందు దిగింది. తలుపు దగ్గర చేతి సంచి సర్దుకుని, తల్లి నేర్పిన మర్యాద ప్రకారం రెండు బూట్లూ విప్పి, చక్కగా జతగా పెట్టి, మేజోళ్ళతో లోపలికి అడుగుపెట్టింది. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు దిగువన చలి. మంగోలు గుడారంలోకి బూట్లతోనే వెళతారని ఆమెకు తెలియక కాదు. కాస్త భయంగా ఉన్నప్పుడు మనిషి కాళ్ళు పాత అలవాటే చూసుకుంటాయి.

యంజ్‌మా ఆమె మొహం చూడలేదు. పాదాలు చూసింది.

"ఏమ్మాయ్, బూట్లేవి?"

"బయట విడిచానవ్వా."

"బయటా? ఏం, వాటికి ఉక్కగా ఉందా?"

"మా దేశంలో ఇంట్లోకి బూట్లతో రారవ్వా."

"మీ దేశంలో కుక్కలు లేవా?"

కొడుకు సోద్నోమ్ బయటికి పరుగెత్తాడు. అప్పటికే కుక్క ఎడమ బూటు నోట కరుచుకుని గుట్ట దాటింది. అరగంట తర్వాత అతను తెచ్చింది బూటనడానికి లేదు, తోలు పేలిక.

సాయంత్రం జీపు వచ్చి హారను కొట్టింది. ఇసుల్ కాలికి గుడ్డ చుట్టుకుని లేచింది. యంజ్‌మా తలుపుకి అడ్డంగా నిలబడింది.

"కూర్చో. నా గుమ్మంలోంచి మనిషి ఒంటి బూటుతో పోయిందంటే ఈ జిల్లా అంతా నా మొహాన ఉమ్మెయ్యరూ? ఉన్ని బూట్లు కుట్టిస్తాను. అయ్యాక పోదువు."

"ఎన్ని రోజులవుతుందవ్వా?"

"నీ పాదం చిన్నదే. వారం."

జీపు డ్రైవరు, "అవ్వా, పిల్లని తినేయకు," అంటూ వెళ్ళిపోయాడు. ఆ జీపు మళ్ళీ వచ్చేది వారానికే.

ఆ వారం ఇసుల్ ఊరికే కూర్చోలేదు. సోద్నోమ్ పాత బూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుని, మంచు కరిగించి నీళ్ళు చేసింది, పిడకలు ఏరింది, మేకలను దొడ్లోకి తోలింది. మొదటి రోజు పొయ్యి పేరుస్తుంటే యంజ్‌మా తప్పు పట్టడానికని దగ్గరకొచ్చి నిలబడింది. ఏమీ దొరక్క వెళ్ళి కూర్చుంది. తినేముందు ఇసుల్ కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. యంజ్‌మా పెట్టె మీది బుద్ధుడి ముందు దీపం సర్దుతూ ఓరకంట చూసేది.

"మీ దేవుడికి మంగోలు భాష వచ్చా?"

"నాకంటే బాగా వచ్చవ్వా."

"అంటే పెద్దగా రాదన్నమాట."

నాలుగో రోజు, వాళ్ళ కొత్త సంవత్సరమైన తెల్లనెల పండక్కని సోద్నోమ్ కొవ్విన గొర్రెను కోశాడు. ఇంతకుముందు వచ్చిన విదేశీయులు ఈ ఘట్టంలో ఏదో పని గుర్తొచ్చి బయటికి పోయినవాళ్ళే. ఇసుల్ చేతులు పైకి మడిచి, పేగుల గంగాళం ముందు కూర్చుంది. ఒక్కొక్క పేగునూ తిరగేసి, చల్లటి నీళ్ళలో కడిగి, తట్టి, మళ్ళీ కడిగింది. జనవరి సముద్రంలో తాళ్ళు లాగిన చేతులవి, వాటికి ఆ చలి లెక్కలోది కాదు. యంజ్‌మా నెత్తురూ ఉల్లిపాయా కలిపి తెస్తే, చిందకుండా పేగులో నింపి ముడి వేసింది.

"ఎవరు నేర్పారే నీకు?"

"మా అమ్మమ్మ. మేమైతే ఇందులో అన్నమూ సేమియా కూడా పెడతామవ్వా."

"పేగులో అన్నమా?" యంజ్‌మా కొడుకు వైపు తిరిగింది. "విన్నావురా? గొర్రె చచ్చాక కూడా దాని చేత గడ్డే తినిపిస్తారట వీళ్ళు."

ఆ రాత్రి ఉడికిన మొదటి ముక్క యంజ్‌మా తన చేత్తో కోసి ఇసుల్‌కి ఇచ్చింది. పెద్దవాళ్ళకిచ్చే ముక్క అది. ఇసుల్ రెండు చేతులా అందుకుని తింది, మళ్ళీ పెట్టమని అడిగింది. ఇంతమంది పెద్దమనుషులు ఇన్ని ప్రసంగాలతో సాధించనిది మా పిల్ల ఒక గంగాళం ముందు సాధించిందని నేను గట్టిగా చెప్పగలను.

ఏడో రోజుకు బూట్లు తయారయ్యాయి. జీపు రావడానికి ఇంకా గంట ఉంది. యంజ్‌మా ఉప్పు టీ పోస్తూ అడిగింది.

"ఎప్పుడు పోతావ్?"

"జీపు రాగానే అవ్వా."

"అది కాదు. మా దేశం నుంచి."

అనుమతి సంగతి ఎత్తవద్దని దవాజవ్ చెప్పాడు. ఆవిడే అడిగింది కదా అని ఇసుల్ చెప్పేసింది. "పొడిగిస్తే మొత్తం మూడేళ్ళుంటానవ్వా. పొడిగించకపోతే సెప్టెంబరులో పోతాను."

"మూడేళ్ళయ్యాక?"

"పోతాను. మా అమ్మా నాన్నా దీవిలో ఉన్నారు. నాచు పనికి నేను కావాలి."

"ఇంతకు ముందొచ్చిన ముగ్గురూ ఎప్పటికీ ఇక్కడే ఉంటామన్నారు. నా మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పారు. ఆ పిల్ల రెండేళ్ళు వాకిట్లోకి చూసింది." యంజ్‌మా టీ కుండ కింద పెట్టింది. "పోతానన్నది నువ్వొక్కదానివే. ఏళ్ళు చెప్పకు. రోజు చెప్పు."

ఇసుల్ వేళ్ళ మీద లెక్కపెట్టి తారీఖు చెప్పింది. యంజ్‌మా సోద్నోమ్‌ని పిలిచి, తన ఫోనులో అది రాయమంది. రాశాక రెండుసార్లు చదివించుకుంది.

మార్చి పద్నాలుగున సభ కూర్చుంది. దవాజవ్ గోడ పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. అనుమతి మాట రాగానే అధ్యక్షుడు యంజ్‌మా వైపు చూశాడు. ఏడాది చాలన్నది ఆవిడే కదా. ఆవిడ లేచింది.

"నేనే అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. ఈ పిల్ల ఎప్పుడు పోయేదీ నాతో చెప్పింది. ఆ రోజు దాకా రాయండి. అంతకు ఒక్క రోజు ముందు పంపినా ఊరుకోను, ఒక్క రోజు ఎక్కువున్నా ఊరుకోను."

"అవ్వా, ఏడాదేడాదికీ కదా మనం రాసేది," అన్నాడు అధ్యక్షుడు.

"నీ పెళ్ళి ఏడాదేడాదికీ రాయించుకున్నావా? రాయి."

పదిహేను చేతులూ లేచాయి. దవాజవ్ ఆ సాయంత్రమే మా చర్చికి ఫోను చేశాడు. వార్త చెప్పి, మర్నాడు తనను మళ్ళీ నాలుగున్నరకే లేపుతుందని వాపోయాడు. ఇప్పుడు ఇసుల్ అక్కడ ప్రార్థనకు అయిదుగుర్ని కూర్చోబెడుతోంది. వంటింట్లో ఇరవై ఇద్దరికి పులుసు కాస్తోంది. మేకల ఈత కాలానికి యంజ్‌మా దగ్గర పది రోజులు పనిచేసి వచ్చింది. తల్లి ఇక్కడ కొత్త నాచు తాళ్ళ లెక్క ఆమెను కూడా కలిపే వేస్తోంది. సభవారు రాసిన కాగితం ప్రకారం, యంజ్‌మా మాట మీద, ఇసుల్ దీవికి బయల్దేరేది 2015 సెప్టెంబరు 12, శనివారం.