తల్లి ఇవ్వని దత్తత

1968. శ్రీకాకుళంలో నేను ప్రాక్టీసు పెట్టి మూడో ఏడు నడుస్తోంది. కోర్టు వెనక వీధిలో గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టాను. ఆడప్లీడరు ఎలా ఉంటుందో చూసిపోయేవాళ్లే తప్ప కేసు ఇచ్చేవాళ్లు తక్కువ. అలాంటి రోజుల్లో, వానలు మొదలయ్యే వేళకి పైడమ్మ వచ్చింది.

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. గరివిడిలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా గుంటడిని దత్తిచ్చేసినారమ్మా. నాను ఇయ్యలేదు. నాను ఇయ్యకుండా ఆడు ఇంకోల కొడుకెలగవుతాడు?"

నెమ్మదిగా అడిగితే సంగతంతా బయటికొచ్చింది. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో ఆమె మొదటి భర్తది వ్యవసాయం. బావి తవ్వుతుంటే మట్టి విరిగిపడి చనిపోయాడు. అప్పటికి కొడుకు రాజు చంటిపిల్లాడు. ఆమె బిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. తర్వాత పెద్దలే మాట్లాడి మారుమనువు చేశారు. వాళ్లలో అది తప్పుకాదు. రెండో భర్త అప్పన్న గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. పిల్లాడికి మూడేళ్లప్పుడు మొదటి భర్త తండ్రి, సింహాచలం అనే ఆయన, వచ్చి, "నాయనమ్మకి ఒంట్లో బాగోలేదు, ఒకసారి సూపించి తెచ్చేత్తాను" అని తీసుకుపోయాడు. మళ్లీ తేలేదు. ఈమె వెళ్తే గుమ్మం తొక్కనివ్వలేదు. ఆపైన పిల్లలు లేని తన పెద్దకొడుక్కీ కోడలు తవిటమ్మకీ వాణ్ణి దత్తత ఇచ్చేశాడు. పురోహితుణ్ణి పిలిచి, ఊరికి భోజనాలు పెట్టి మరీ చేశాడు.

నా దగ్గరికి రాకముందు ఇద్దరు ప్లీడర్లను అడిగిందట. మారుమనువు చేసుకున్నదానికి మొదటి మొగుడి బిడ్డ మీద హక్కేమిటని పంపేశారు. పాత పద్ధతిలో వాళ్లన్నది పూర్తిగా తప్పేమీ కాదు. కానీ యాభై ఆరులో హిందువులకు రెండు కొత్త చట్టాలు వచ్చాయి. ఒకటి మైనరు పిల్లల సంరక్షణ గురించి. తండ్రి తర్వాత నేచురల్ గార్డియన్, అంటే పుట్టుకతోనే హక్కున్న సంరక్షకురాలు తల్లి. మళ్లీ పెళ్లాడితే ఆ హక్కు పోతుందని అందులో లేదు. రెండోది దత్తత గురించి. బిడ్డను ఇచ్చే అధికారం తండ్రిది, ఆయన లేకపోతే తల్లిది. తాతకి లేదు. చట్టాలొచ్చి పన్నెండేళ్లయినా మా పల్లెలకు ఆ కబురు ఇంకా చేరలేదు.

"హక్కు నీదే. కానీ గెలుస్తామని మాటివ్వలేను. కోర్టు అన్నిటికన్నా ముందు చూసేది పిల్లాడి మంచి" అన్నాను.

"ఆడి మంచి నాను కాపోతే ఇంకెవులు సూస్తారమ్మా? ఎయ్యి కేసు" అంది. అప్పుడు కూర్చుంది.

జిల్లా కోర్టులో గార్డియన్ ఓ.పి. వేశాను. మైనరు పిల్లల సంరక్షణ కోసం వేసే పిటిషన్‌ని అలా అంటారు. తాతా, పెద్దకొడుకూ ప్రతివాదులు. వాళ్ల పక్షాన జిల్లాలో పేరున్న సీనియరు ప్లీడరు. నన్ను చూసి చిరునవ్వు నవ్వి, "చిన్న కేసేనమ్మా, రాజీ చేసేయ్" అన్నాడు. చెయ్యనన్నాను.

అప్పన్న సాక్షిగా బోనెక్కినప్పుడు ఆ సీనియరు గట్టిగానే పట్టుకున్నాడు. "సవతి తండ్రివి. రేపు నీకు పిల్లలు పుడితే వీడి గతేమిటి?"

"పుడితే ఈడికి తమ్ముళ్లవుతారు బాబూ" అన్నాడు అప్పన్న. జడ్జిగారు తలెత్తి ఒకసారి చూసి, ఆ మాట రాసుకున్నారు.

తాతను క్రాస్ చెయ్యడం, అంటే ఎదురు ప్రశ్నలు వెయ్యడం, నా వంతు. ఆయన చెడ్డవాడు కాదు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, కళ్లకింద ఉబ్బు. కొడుకు పోయిన దుఃఖం ఆ మొహంలో ఇంకా ఆరలేదు.

"దత్తత నాడు పిల్లాణ్ణి మీ పెద్దకొడుకు ఒళ్లో ఎవరు పెట్టారు?"

"నానే పెట్టినాను. నా కొడుకు బిడ్డ. నాను కాపోతే ఎవులు పెడతారు?"

"తల్లిని అడిగారా?"

"ఎల్లిపోయిన మనిసిని అడగడమేటి?"

"ఎక్కడికి వెళ్లిందో మీకు తెలుసా?"

"తెలీకేటి? గరివిడి."

దత్తతలో గివింగ్ అండ్ టేకింగ్, ఇవ్వడం పుచ్చుకోవడం, ప్రాణంలాంటిది. అధికారం లేనివాడు ఇస్తే ఎన్ని మంత్రాలు చదివినా అది ఇచ్చినట్టు కాదు. నాకు కావలసిన జవాబు వచ్చేసింది. కూర్చోబోతుంటే ముసలాయన నావైపు తిరిగాడు. "నా కొడుకు పోనాడమ్మా. ఆడి గురుతు కూడా పోతే నాకేటి మిగుల్తాది?"

 కాగితాలు మడిచి నా చోట కూర్చున్నాను.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. జడ్జిగారు పిల్లాణ్ణి ఛాంబరులోకి, అంటే తమ సొంత గదిలోకి పిలిపించి, మీ అమ్మ ఎవరని అడిగారు. రాజు పెద్దమ్మ తవిటమ్మను చూపించాడు. పైడమ్మ పక్కనే నిలబడి ఉంది.

"పిల్లాడు నిన్ను గుర్తుపట్టలేదు కదమ్మా" అన్నారు జడ్జిగారు.

"ఆడు మర్సిపోనాడు బాబూ, నాను మర్సిపోలేదు. ఏడాదిలో మర్సిపోయినోడు ఇంకో ఏడాదికి గుర్తెట్టుకోలేడా?"

ఆ గొంతులో ఏడుపు లేదు. నన్ను నిలబెట్టింది అదే. మర్నాడు వాదనలో ఆ మాటనే పట్టుకున్నాను. తల్లిని రానివ్వకుండా గుమ్మం మూసి, బిడ్డ మర్చిపోయాడు గనక మాకే ఉంచమనడం న్యాయమా అని అడిగాను. దత్తత చెల్లదనీ, బిడ్డను తల్లికి అప్పగించాలనీ ఉత్తర్వు వచ్చింది.

గెలిచాం అనుకున్నాను. తాత పిల్లాణ్ణి పంపలేదు. ఉత్తర్వు అమలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి, కోర్టు ఉత్తర్వులు అమలుచేసే ఉద్యోగి అమీనును వెంటబెట్టుకుని ఊరికి వెళ్లాం. అమీను ఉత్తర్వు చదివాడు. లోపల తవిటమ్మ మెడను రెండు చేతులా చుట్టుకుని రాజు అరుస్తున్నాడు. పెద్దకొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అమీను చెయ్యి చాపేసరికి పైడమ్మ అడ్డం వచ్చింది.

"ముట్టుకోకండి బాబూ. లాక్కెళ్లడానికి ఆడేటి మేకపిల్లా?"

"ఉత్తర్వు నీకే ఇచ్చారు కదమ్మా" అన్నాడు అమీను.

"నాకే ఇచ్చినారు కదా. నాను సెప్తన్నాను, వద్దు."

నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి తెచ్చిన ఉత్తర్వు నీరుగారిపోతుందని బెంగ. పక్కకు పిలిచి మందలించాను. "కోర్టుని గడువడగండమ్మా. నాను ఈ ఊల్లోనే ఉంటాను. ఆడు నా కాడికొచ్చేదాకా కదల్ను" అంది. గడువు అడిగాను. జడ్జిగారు ఇచ్చారు.

పైడమ్మ ఆ ఊళ్లో దూరపు బంధువుల పంచన చేరింది. అప్పటికి మళ్లీ ఊడ్పుల రోజులు వచ్చాయి. పొద్దున కూలికి వెళ్లేది, సాయంత్రం మామగారి వాకిట్లో వచ్చి కూర్చునేది. ముసలాయన మొదట తలుపు వేయించాడు. ఆమె బయటే కూర్చుంది. తడుస్తూ కూర్చుంది. చివరికి తలుపు తీసింది తవిటమ్మే. "లోనకి రా, జొరమొస్తాది" అందట.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి పిల్లాడికి అన్నం పెట్టారు. ఒకరు కలిపితే ఒకరు తినిపించారు. రాజు మొదట ఆమె చేతి ముద్ద ఉమ్మేశాడు, తర్వాత తిన్నాడు. ఆ తర్వాత ఆమె రావడం ఆలస్యమైతే వీధిలోకి వచ్చి చూసేవాడు. ఇదంతా వాళ్లు తర్వాత చెప్పగా విన్నదే. నేను చూసింది చివరిరోజు.

ఆరోజు ఇద్దరు ఆడవాళ్లూ పిల్లాణ్ణి తీసుకుని నా గదికి వచ్చారు. ముసలాయన రాలేదు. రాజు ఒకరి ఒడి నుంచి ఒకరి ఒడికి పాకుతున్నాడు. తవిటమ్మ వాడి చొక్కా సర్దుతూ అడిగింది.

"మీ సట్టంలో నా పేరెక్కడైనా ఉన్నాదా అమ్మా?"

పెద్దమ్మకు ఏ హక్కూ లేదు. అబద్ధం చెప్పలేకపోయాను. "లేదమ్మా" అన్నాను.

పైడమ్మ వెంటనే అంది. "లేకపోతే రాయించండమ్మా. సెలవులకి ఆడిని ఈ తవిటమ్మప్ప కాడికి పంపుతానని నా పేరుమీద రాయండి. ఆల తాత కూడా సూసుకుంటాడు."

అలాంటి జాయింట్ మెమో, రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్న కాగితం, నేను అంతకుముందు రాయలేదు. జడ్జిగారు చదివి, తవిటమ్మను దగ్గరికి పిలిచి, ఇదంతా నీకు ఇష్టమేనా అని అడిగారు; ఆమె సరేనన్నాకే రాజు తల్లితో గరివిడి వెళ్లాడు. పిటిషన్లో ఆమె ప్రతివాది భార్య మాత్రమే. ఆ కోర్టులో ఆమెను ఇష్టమడిగింది అదే మొదటిసారి.

తర్వాత ఎన్నో కస్టడీ కేసులు చేశాను. హక్కు ఎవరిదో చట్టం చూసి చెప్పేయగలను. అయినా ఎవరొచ్చినా నేను మొదట అడిగేది, ఇన్నాళ్లూ బిడ్డకి అన్నం ఎవరు పెట్టారని. ఆ మనిషి ఏ పక్షాన ఉన్నా సరే, ఆమెను ఒక్కసారి నా గదికి తీసుకురమ్మంటాను.