కొట్టినోడే తెచ్చుకోవాలె

కాలికి ఈ కట్టేందని పొద్దటిసంది అందరు అడుగుతాండ్రు. సిక్స్ కొట్టిన తమ్మీ! నవ్వకుండ్రి, నిజమే చెప్తాన.

టెన్నిస్ బాల్ క్రికెట్ల నా పేరు మీకెరుకనే గదా. నెక్కొండ పోయినా, ములుగు పోయినా, "సమ్మన్న వచ్చిండు, ఫీల్డర్లను రోడ్డు మీద నిలబెట్టుండ్రి" అనేటోళ్లు. పదిహేనేండ్లు అట్లనే గడిచినయ్. కానీ జిల్లా లెదర్ బాల్ లీగ్‌ల ఆడాలని మస్తు కోరిక. రెండుసార్లు పిలిచిండ్రు. ఒకసారి వాన పడి మ్యాచే కాలే. ఇంకోసారి రోజంత బెంచి మీద కూసోని నీళ్ల బాటిళ్లు మోసిన. జెర్సీకి చెమట గూడ పట్టలే! ఇప్పుడు నలభైకొచ్చిన, ఇగ ఎవడు పిలుస్తడు అనుకున్న.

మొన్న ఆదివారం పిలిచిండ్రు! హన్మకొండల మ్యాచ్, వాళ్ల టీమ్‌ల ఒకనికి జ్వరం. మా ఇంటామె రజిత, "ఇదే ఆఖరు. ఇయ్యాల ఆడి చూపెట్టు, లేకుంటె ఆ బ్యాట్‌ను అటకెక్కియ్యి" అన్నది. సరే అన్న.

బ్యాటింగ్‌కు దిగిన. ఫస్ట్ బాల్! కండ్లు మూసుకున్ననో తెర్చుకున్ననో యాదికి లేదు, గట్టిగ ఊపిన. గోడ దాటింది! అంపైర్ రెండు చేతులు లేపిండు.

ఇగ నేనేం చేసిన్నో చూడుండ్రి. హసన్‌పర్తిల మన గ్రౌండ్ రూల్ ఏంది? బాల్ గోడ అవతల పడితె కొట్టినోడే పోయి తేవాలె, లేకుంటె ఆట బంద్. పదిహేనేండ్ల అలవాటాయె! బ్యాట్ కింద పడేసి ఉరికిన. అవతలి వికెట్ కాడ ఉన్న మా కెప్టెన్, "అన్నా, యాడికే? ఇంకా ఓవర్ ఉన్నదే!" అని మొత్తుకుంటాండు. నేనేమో మెచ్చుకుంటాండనుకున్న! ప్యాడ్లతోనే గోడెక్కి దుంకిన. అవతల మురికినీళ్ల మోరీ.

కాలు మడతపడ్డది. బాల్ మాత్రం దొరికింది. ఇద్దరు మోసుకోని దవాఖానకు తీస్కపోయిండ్రు.

రజిత ఉరికొచ్చింది. నవ్వుతదనుకున్న, నవ్వలే. "ఇన్నేండ్లు ఎదురుచూస్తె ఒక్క బాలేనాయె గదా" అన్నది. ఆ మాటకు నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. బాల్ బ్యాట్ మధ్యల తాకినప్పుడు ఎట్లున్నదో ఆమెకు చెప్పాలనుకున్న, చెప్పరాలే. ఇంకో నాలుగు బాల్స్ ఆడాలని నిజంగ ఉండె తమ్మీ.

స్కోర్ బుక్‌ల ఏం రాసిండ్రో తెలుసా? ఒక్క బాల్, ఆరు రన్లు, నాటౌట్. అంటే జిల్లా లీగ్‌ల నన్ను ఔట్ చేసిన బౌలర్ ఇప్పటిదాక ఒక్కడు గూడ లేడు. చెయ్యనీకి నేను గ్రౌండ్ల ఉంటె గదా!